అరువు హాలు

పోయిన వారం సాయమ్మను మనం సెల్లార్లో, మోటర్ స్విచ్ పక్కన, గోడకు ఆనుకుని ఏడుస్తుండగా వదిలేసి వచ్చాం. ఆమె చేతిలో కూతురి ఫోను. ఫోనులో మాదాపూర్ కంపెనీ వాళ్లు పంపిన మెసేజి. మీ కుటుంబ ఆర్థిక పరిస్థితి మా నిబంధనల పరిధిలోకి రాదు, కాబట్టి అనూషకు స్కాలర్‌షిప్ ఇవ్వలేకపోతున్నాం అని దాని సారాంశం. తేట తెలుగులో చెప్పాలంటే, మీరు కలిగినవాళ్లు, మీకెందుకండీ మా సాయం అని.

కలిగినవాళ్లెవరయ్యా అంటే, మదీనాగూడలో ఓ అపార్ట్‌మెంటు వాచ్‌మెన్ ఎల్లయ్య, అతని భార్య సాయమ్మ. కాపురం సెల్లార్లో, మెట్ల కింద గదిలో.

కథ మధ్యలో ఎక్కినవాళ్లకు ఇంకొంచెం చెప్పాలి. అనూషకు యూనివర్సిటీ కాలేజీలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. చదువయ్యేదాకా ఖర్చంతా తామే భరిస్తామని ఆ కంపెనీ ఏటా కొందరు ఆడపిల్లలను ఎంచుకుంటుంది. పిల్ల పరీక్ష గట్టెక్కింది, ఇంటర్వ్యూ గట్టెక్కింది. ఇక మిగిలింది కంపెనీ మనిషి ఒకరు ఇంటికి వచ్చి, వీళ్లు నిజంగా లేనివాళ్లేనా అని కళ్లతో చూసి పోవడం. పిల్ల కోసం పెద్ద మనుషులు ఇంటికి వస్తున్నారంటే ఏం చేయాలో సాయమ్మకు ఒకరు నేర్పాలా? పెళ్లిచూపులకు ఎలా సర్దుతారో అలాగే సర్దాలనుకుంది. సర్దడానికి గదిలో ఏముంది గనక? అందుకే మూడో అంతస్తులో తాను పనిచేసే కనకలక్ష్మమ్మ దగ్గర ఆ మాట అంది. కనకలక్ష్మిది కాకినాడ ప్రాణం. ఎదుటివాళ్లు ఓ గ్లాసు అడిగితే బిందె ఎత్తి ఇచ్చే మనిషి. ఏకంగా హాలే అరువిచ్చింది. సోఫాకు కొత్త కవర్లు తొడిగింది, ఏసీ వేసింది, తన గొలుసు తీసి అనూష మెడలో వేసింది. వచ్చిన కుర్రాడి పేరు ఉదయ్ భాస్కర్. కాఫీ తాగాడు, జీడిపప్పు పకోడీ తిన్నాడు, హాలు ఫోటో తీసుకున్నాడు. గేటు దగ్గర తనకు సెల్యూట్ కొట్టిన మనిషే పిల్ల తండ్రి అని పాపం అతనికేం తెలుసు? ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చాడు.

మెసేజి వచ్చిన మర్నాడు పొద్దున్నే కనకలక్ష్మి చీర మార్చుకుని కిందికి దిగింది.

"లేవవే సాయమ్మా. ముఖం కడుక్కో. ఆ కంపెనీకి వెళ్దాం. చేసిందాన్ని నేను, చెప్పుకునేదాన్నీ నేనే."

ఆటోలో కొండాపూర్ దాటేదాకా కనకలక్ష్మి పాఠం చెబుతూనే ఉంది. "నువ్వు నోరు మెదపకు. ఇది మా ఇల్లని మనం అన్నామా? అనలేదు. ఆ అబ్బాయే అలా అనుకున్నాడు. పొరపాటు అతనిది. అంతే, అలా చెబితే సరిపోతుంది."

సాయమ్మ తలూపింది గానీ కనకలక్ష్మి ముఖం చూడలేదు. కనకలక్ష్మి ఆ రోజు వంటింట్లో పకోడీలు వేయిస్తోంది కదా, గుమ్మంలో ఏం జరిగిందో ఆమె చూడలేదు. ఆ మాట ఇప్పుడు ఎలా చెప్పాలో సాయమ్మకు అర్థం కాలేదు.

కంపెనీలో వాళ్లను ఓ అద్దాల గదిలో కూర్చోబెట్టారు. కాసేపటికి ప్రియదర్శిని వచ్చింది. స్కాలర్‌షిప్ వ్యవహారమంతా ఆమె చేతిలోనే ఉంది. నలభై దాటిన మనిషి. మాట మెత్తన, చూపు మాత్రం కాదు. వెనకే ఉదయ్ భాస్కర్. సాయమ్మను చూడగానే గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. సాయమ్మ చూపు తిప్పుకుంది.

కనకలక్ష్మి మొదలుపెట్టింది. ఫ్లాటు తనదనీ, సాయమ్మ తన ఇంట్లో పనిమనిషనీ, వాళ్లుండేది సెల్లార్లోననీ, వచ్చిన అబ్బాయిని కూర్చోబెట్టడానికి చోటు లేక తానే హాలిచ్చాననీ చెప్పుకుపోయింది. "మీ అబ్బాయి ఆ ఇల్లు వీళ్లదే అనుకున్నాడండి. చిన్నవాడు, అడగడం మర్చిపోయి ఉంటాడు. మేమేమీ అబద్ధం ఆడలేదండి."

"ఆ గొలుసు?" అంది ప్రియదర్శిని. "ఫోటోలో అమ్మాయి మెడలో గొలుసుంది."

"అదీ నాదేనండి. ఆడపిల్ల బోసి మెడతో మీ ముందు కూర్చుంటే బాగుంటుందా చెప్పండి?"

ప్రియదర్శిని ఉదయ్ వైపు తిరిగింది. "ఇల్లు ఎవరిదో అడగకుండా రాశావా ఉదయ్?"

"అడిగాను మేడం."

"ఏమన్నారు?"

ఉదయ్ ఓసారి సాయమ్మ వైపు చూశాడు. చూసి తల దించుకున్నాడు. "గుర్తులేదు మేడం," అన్నాడు.

"గుర్తులేకపోవడం ఏమిటి? నీ రిపోర్టు మీద ఆధారపడి ఒక పిల్ల దరఖాస్తు తీసేశాం. నిన్ను ఇంకో ఇంటికి ఎలా పంపమంటావు?"

అతను గట్టిగా ఒక్క మాట అంటే చాలు, బయటపడిపోతాడు. ఆ మాట అనడం లేదు. ఎందుకు అనడం లేదో సాయమ్మకు తెలుసు. పకోడీ తిన్నందుకు కాదు, ఎదురుగా ఓ తల్లి కూర్చుందని. టేబుల్ కింద కనకలక్ష్మి కాలు ఆమె కాలిని తొక్కుతూనే ఉంది, నోరు మెదపకే అన్నట్టు. సాయమ్మ కాలు పక్కకు తీసుకుంది.

"సారుది తప్పు లేదు మేడం," అంది. "లోపటికి రాంగనే అడిగిండు, ఇది మీ ఇల్లేనా అమ్మా అని. నేనే అన్న, మా ఇల్లే సారూ, కూసోండ్రి అని."

కనకలక్ష్మి విస్తుపోయి ఆమె వైపు తిరిగింది.

"ఎందుకన్నారు?" అంది ప్రియదర్శిని.

"ఏమో మేడం. నోట్లకెళ్లి వచ్చేసింది. బిడ్డ కోసం ఇంటికొచ్చిన మనిషికి, ఇది మాది కాదు, మేము కింద పార్కింగుల ఉంటం అని ఎట్ల చెప్పాలె? నా బిడ్డను తక్కువ చూస్తడేమో అనుకున్న. మంచిగ కనబడితేనే పని అయితదనుకున్న. గరీబోళ్లయితేనే ఇస్తరని బిడ్డ చెప్పింది. చెవులకు ఎక్కింది గానీ మనసుకు ఎక్కలే."

"సాయమ్మగారూ, మా దగ్గర ఓ నియమం ఉంది. తప్పుడు సమాచారం ఇస్తే దరఖాస్తు మొత్తం రద్దు. మీరిప్పుడు మీ నోటితో ఒప్పుకుంటున్నారు."

"ఎరుకే మేడం. బిడ్డ చదివి వినిపిచ్చింది." సాయమ్మ ఉదయ్ వైపు చేయి చూపింది. "కానీ నా మాటకు ఈ సారు నౌకరీ మీదికి రావొద్దు గద. ఆయన కూడా ఎవరి కొడుకో."

అన్నాక ఆమెకు భయం వేసింది. అంతా అయిపోయిందని తెలిసిపోయింది. బిడ్డ చదువును తన నోటితోనే గంగలో కలిపింది. అయినా విచిత్రం, ఉదయ్ ముఖం ఇప్పుడు సూటిగా చూడగలుగుతోంది.

ప్రియదర్శిని కుర్చీలో వెనక్కి వాలింది. "ఇన్నేళ్లలో నేను చూసిందంతా వేరు," అంది. "మేం వస్తున్నామంటే ఫ్రిజ్ తీసుకెళ్లి పక్కింట్లో పెడతారు. బండికి దుప్పటి కప్పుతారు. పట్టుచీరలున్నవాళ్లు చిరిగిన చీర కట్టుకుని కూర్చుంటారు. ఉన్నది దాచేవాళ్లను పట్టుకోవడం మాకు అలవాటే. లేనిది చూపించినవాళ్లను ఇదే మొదటిసారి చూడటం. మీలాంటివాళ్లకు మా దగ్గర నియమమే లేదు."

ఉదయ్ నవ్వబోయి ఆపుకున్నాడు.

"అయితే ఒకటి," అని ముందుకు వంగింది ఆమె. "ఆ రోజు ఫ్లాటు చూపించారు. ఇవాళ గది ఉందంటున్నారు. ఏది నమ్మాలి నేను? ఇవాళ చెప్పింది మాత్రం నిజమని ఎవరు చెప్పాలి? పైగా ఉదయ్ ఇంకో మాట రాశాడు. అమ్మాయి తెలివైనదే, కానీ ధ్యాస లేదు, కింద హారన్ మోగిన ప్రతిసారీ లేచి నిలబడింది, సగం ప్రశ్నలు రెండేసి సార్లు అడగాల్సి వచ్చింది అని."

"అదేంటో నాకూ అర్థం కాలేదు మేడం," అన్నాడు ఉదయ్.

ప్రియదర్శిని లేచింది. "పదండి. ఇప్పుడే వెళ్దాం. దారిలో ఎవరూ ఇంటికి ఫోన్ చేయకూడదు."

"మేమేమన్నా దొంగలమా అండి?" అని గొణిగింది కనకలక్ష్మి. గొణుగుతూనే ఫోను తీసి ప్రియదర్శిని చేతిలో పెట్టింది.

కంపెనీ కారు అపార్ట్‌మెంటు ముందు ఆగి హారన్ కొట్టింది. గేటు తెరుచుకుంది. తెరిచింది అనూషే. చేతిలో లెక్కల పుస్తకం, వేలు పేజీ మధ్యలో. కారు అద్దం దగ్గరికి వచ్చి, ముందు సీట్లో ఉన్న ప్రియదర్శినితో రోజూ అందరితో అన్నట్టే అంది.

"ఏ ఫ్లాటుకు మేడం? పేరు, బండి నంబరు ఈడ రాయండ్రి."

అని రిజిస్టరు, తాడుతో కట్టిన పెన్ను లోపలికి అందించింది. అప్పుడు గానీ వెనక సీట్లో తల్లి కనబడలేదు. ఆ పక్కన కనకలక్ష్మి, ఆ పక్కన ఆ రోజు హాల్లో తనను ప్రశ్నలడిగిన మనిషి. పిల్ల ముఖం పాలిపోయింది. ప్రియదర్శిని మాత్రం బుద్ధిగా పేరు రాసి, నంబరు రాసి, ఎవరి కోసం వచ్చారు అన్న గడిలో అనూష అని రాసి పుస్తకం తిరిగి ఇచ్చింది.

మెట్ల కింద గదిలో మంచం ఒకటి, దాని కింద ట్రంకు పెట్టె, మూలన గ్యాస్ పొయ్యి. గోడకు అవతల మీటర్ల బోర్డు జుయ్యిమంటూ ఉంటుంది. సాయమ్మ పరుగున పోయి మంచం మీది దుప్పటి సర్దబోయింది, మళ్లీ ఆగిపోయి చేతులు వెనక్కి పెట్టుకుంది. సర్దింది చాలు ఇక. ప్రియదర్శిని ఆ దుప్పటి మీదే కూర్చుంది.

"ఆ రోజు నువ్వెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగింది అనూషను. "నీకు నియమాలు తెలుసు కదా."

"చెప్దామనే కూసున్న మేడం. గొలుసు కూడా వద్దన్న. కానీ అమ్మ నన్ను చూస్తా ఉండె. నేను ఆ సోఫా మీద కూసుంటే అమ్మ ముఖం..."

"అనూషా, ట్యాంకు నిండింది, మోటర్ ఆపమ్మా," అని పైనుంచి ఎవరో కేకేశారు.

పిల్ల అప్పటికే లేచింది. బయటికి పోయి స్విచ్ కట్టేసింది. ఇంతలో గేటు దగ్గర స్కూటర్ హారన్. అటు పరిగెత్తింది. గేటు తీసింది, వేసింది, ఎవరిదో పార్శిల్ అందుకుని వాళ్ల పేరు దాని మీద రాసి పెట్టింది, చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"...అమ్మ ముఖం అంత మంచిగ ఎన్నడూ చూడలే మేడం," అంది, మాట ఎక్కడ తెగిందో అక్కడ అతికిస్తూ. "అందుకే నోరు రాలే. తప్పే. నన్ను తీసేసినా ఏమనను. అమ్మను మాత్రం ఏమనకుండ్రి."

ఉదయ్ నుదురు కొట్టుకున్నాడు. "మేడం, నేను ధ్యాస లేదని రాసింది దీన్నే. హారన్ మోగితే లేచి గేటు తీయడం ఈ అమ్మాయికి అలవాటు. నేనేమో సోఫాలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగాను."

ప్రియదర్శిని లెక్కల పుస్తకం అందుకుంది. అనూష వేలు పెట్టుకున్న పేజీ తెరిచి, ఒక లెక్క చూపించి ఎలా చేస్తావని అడిగింది. పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో మళ్లీ గేటు. మళ్లీ వచ్చింది, మళ్లీ అక్కడి నుంచే అందుకుంది. ఈసారి గేటు తీయడానికి ఉదయ్ లేచాడు. ఎలా తీయాలో తెలియక గొళ్లెంతో కాసేపు కుస్తీ పట్టి, ఓ పెద్దాయన చేత మాట పడి తిరిగి వచ్చాడు.

లెక్క పూర్తయింది. ప్రియదర్శిని పుస్తకం మూసింది.

"ఉదయ్, నీ రిపోర్టు వెనక్కి తీసుకో. కొత్తది నేను రాస్తాను. నా కళ్లతో చూశాను కాబట్టి కమిటీ కాదనదు." అనూష వైపు తిరిగింది. "నీకు స్కాలర్‌షిప్ వచ్చినట్టే అనుకో. అడిగితే మీ అమ్మ చెప్పిన అబద్ధం ఒకటుంది, అడగకుండానే చెప్పిన నిజం ఒకటుంది. నేను రెండోదాన్ని లెక్కలోకి తీసుకుంటున్నాను."

సాయమ్మకు ఆ మాటలు ఒకదాని వెనక ఒకటి వినబడ్డాయి గానీ, అర్థం మాత్రం కాస్త ఆగి వచ్చింది. గడప మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిన్న ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. అనూష వచ్చి తల్లి భుజం మీద తల పెట్టింది. "ఇగ ఊకో అమ్మా," అంటూ తానూ ఏడ్చింది. కనకలక్ష్మి ఇద్దరినీ కసురుతూ ముక్కు చీదుకుంది.

"పైకి వెళ్లి కాఫీ తెస్తానండి," అంది లేస్తూ.

"వద్దమ్మా," అని సాయమ్మ అడ్డం పడింది. కళ్లు తుడుచుకుని పొయ్యి దగ్గరికి పోయింది. "ఈసారి మా ఇంట్ల తాగుతరు."

అల్లం దంచి, పాలు పోసి, చాయ్ మరిగించి స్టీలు గ్లాసుల్లో పోసింది. ఉదయ్ ఓ గుక్క తాగి, ఆ రోజు కాఫీ కంటే ఇదే బాగుంది అన్నాడు. ఆ రోజు కాఫీ కలిపిన చేతులు పక్కనే ఉన్నాయని అతనికి గుర్తులేదు. కనకలక్ష్మి అతని వైపు చూసిన చూపుకు ఇంకో గుక్క మింగలేకపోయాడు. సాయమ్మ నవ్వింది. కంపెనీ మెసేజి వచ్చిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

"ఇక ఒక్క పని మిగిలింది," అంది ప్రియదర్శిని. "రేపు సాయంత్రంలోగా నువ్వు యూనివర్సిటీలో రిపోర్ట్ చేయాలి, తెలుసుగా? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తేనే సీటు నిలుస్తుంది. సీటుంటేనే మా స్కాలర్‌షిప్. ఒకసారి అవి చూపించు, నేనూ చూసి వెళ్తాను."

అనూష మంచం కింది ట్రంకు పెట్టె బయటికి లాగింది. మూత తీసింది. చీరలు పక్కకు పెట్టింది, చద్దరు పక్కకు పెట్టింది. అడుగుదాకా చేయి పోనిచ్చింది.

"అమ్మా, నీలం ఫైలు తీసినవా?"

"నేనెందుకు తీస్త బిడ్డా?"

అప్పుడే ఎల్లయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చేతిలో మిఠాయి డబ్బా ఉంది. పొద్దున సాయమ్మ కంటే ముందే బయటికి పోయిన మనిషి. గదిలో ఉదయ్‌ను చూసి అలవాటుగా సెల్యూట్ కొట్టాడు. ఉదయ్ గ్లాసు కింద పెట్టి గబుక్కున లేచి నిలబడ్డాడు. "ఆ రోజు గేటు దగ్గర మీరేనా," అని ఏదో అనబోయి సిగ్గుపడ్డాడు.

"ఏడికి పోయినవయ్యా పొద్దుగాల్నుంచి?" అంది సాయమ్మ.

"బిడ్డ పని మీదనే పోయిన." ఎల్లయ్య ముఖం వెలిగిపోతోంది. "నిన్న మీరిద్దరూ అట్ల ఏడుస్తుంటే నాకు నిద్ర పట్టలే. స్కాలర్‌షిప్ రాకపోతే బిడ్డ ఇంట్ల కూసుంటదా? మియాపూర్‌ల ఒక డిగ్రీ కాలేజీల చేర్పిచ్చొచ్చిన. ఫీజు జర ఆగి కట్టుమన్నరు. మంచోళ్లు."

"నేను లేకుండ ఎట్ల చేర్చుకున్నరు బాపూ?" అంది అనూష. ఆమె చేయి ఇంకా పెట్టెలోనే ఉంది.

"నీ సర్టిఫికెట్లు ఇచ్చిన గద."

"జిరాక్సులా?"

"జిరాక్సులు వద్దన్నరు బిడ్డా. అసలువే ఇచ్చిన. భద్రంగ బీరువల పెట్టుకున్నరు. చదువు అయిపోయినంక వాపస్ ఇస్తరంట, ఫికర్ లేదు."

ప్రియదర్శిని చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. "అలాంటి చోట ఒకసారి లోపలికి వెళ్లాయంటే..." అని ఉదయ్ అర్ధాంతరంగా ఆపేశాడు. కోర్సు మొత్తానికీ ఫీజు కడితే గానీ కాగితాలు బయటికి రావన్న ఆ మిగతా సగం ఈ ఊళ్లో పిల్లల్ని చదివించే ప్రతివాళ్లకూ తెలుసు.

ఎల్లయ్య ఒక్కొక్కరి ముఖమే చూశాడు. డబ్బా పట్టుకున్న చేయి మెల్లగా కిందికి దిగింది. "ఏందే, అట్ల చూస్తున్నరు? మంచి పనే చేసిన గద?"

అతని మీద కోపం తెచ్చుకుందామని సాయమ్మ ప్రయత్నించింది. రాలేదు. పిల్ల బాగు కోరి తాను హాలు అరువు తెచ్చుకుంది, అతనేమో సర్టిఫికెట్లు పట్టుకుపోయి అప్పగించి వచ్చాడు. ఎవరిని అనాలి? ఆమె కొంగు తీసి నడుముకు దోపుకుంది. మొగుడి చేతిలోని మిఠాయి డబ్బా తీసుకుని మంచం మీద పెట్టింది.

"మంచి పనే చేసినవు. చెప్పులు ఇప్పకు," అంది. తర్వాత ప్రియదర్శిని వైపు తిరిగింది. "మేడం, మీ కారు ఇంక గేటు కాడనే ఉన్నదా?"